చదివిందే చదవనివ్వండి

మా వాడు రెండో తరగతి, ఈ వేసవి సెలవుల్లో పుస్తకం ముట్టుకోకపోతే చదవడం మర్చిపోతాడా అని ఒకావిడ టెన్షన్ పడుతూ అడిగారు. అక్షరాలు ఎక్కడికీ పోవండీ. తగ్గేది వేగం, అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

మన చూపు వాక్యం మీద జారుతూ పోదు, గెంతుతుంది. గెంతి సుమారు పావు సెకను ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. ఆగినప్పుడు స్పష్టంగా కనబడేది చాచిన చేతి బొటనవేలి గోరంత మేరే. చదువు అలవాటైనవాళ్ళు ఆ కాస్త టైములో మాటంతా పట్టేస్తారు. కొత్తగా చదివే పిల్లాడు మాత్రం ‘రాష్ట్రం’ దగ్గర ఆగిపోయి ష, కింద ట వత్తు, దానికి ర వత్తు, ఆపైన సున్న అని కూడబలుక్కుంటాడు, ఈలోగా వాక్యం మొదట్లో ఏముందో బుర్రలోంచి జారిపోతుంది. అందుకే పేజీ అంతా చదివి కూడా కథేంట్రా అంటే తెల్లమొహం వేస్తాడు.

దీని మీద డేవిడ్ షేర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో వివరంగా రాసిన స్వీయబోధన సిద్ధాంతం నాకు భలే ఇష్టం. పిల్లాడు ఒక మాటను సొంతంగా కూడబలుక్కున్న ప్రతిసారీ దాని అక్షరాల వరస, శబ్దం, అర్థం ముడిపడి మెదడులో నిలుస్తాయి. కొన్నిసార్లు ఎదురైతే చాలు, ఇక కూడబలుక్కునే పని ఉండదు, చూడగానే తెలిసిపోతుంది. ఇలా గుర్తుపట్టే పని ఎక్కువగా మెదడు ఎడమవైపు, వెనకభాగంలో, అడుగున ఉన్న చిన్న ప్రాంతానిది. రాత పుట్టి 5 వేల ఏళ్ళు దాటింది అంతే, దానికోసం ప్రత్యేక భాగం పుట్టే వ్యవధి ఎక్కడిది? మొహాలనూ వస్తువులనూ గుర్తుపట్టే చోటునే మెదడు సాధనతో చదువుకు మళ్ళించుకుంటుంది.

కాబట్టి వాడు చదివిన బొమ్మల పుస్తకమే పదోసారి తీస్తే “మళ్ళీ అదేనా” అనకండి. తెలిసిన మాటలు పెరిగేకొద్దీ ధ్యాస కథ మీదికి వెళ్తుంది. సెలవుల్లో కాపీరైటింగు రాయిస్తే చదువు నిలుస్తుందనుకోవడం మన బడుల పిచ్చి. మూఢనమ్మకాలంటే నాకు ఒళ్ళుమంట గానీ, పుస్తకంలో దాచిన నెమలీక పిల్లలు పెడుతుందన్నదాన్ని మాత్రం క్షమించేస్తాను, రోజుకోసారైనా పుస్తకం తెరిపిస్తుంది.

ఎలాగూ పెళ్ళిళ్ళ సీజన్, ఇంటికొచ్చిన శుభలేఖలు వాడి చేత చదివించండి. జ్యేష్ఠ పుత్రుడు, కనిష్ఠ పుత్రిక, సుముహూర్తం... అన్ని వత్తులు ఏ వాచకంలో దొరుకుతాయి! ఎక్కడైనా తడబడితే వెంటనే అందించేయకండి, రెండు మూడు సెకన్లు నోరు కట్టేసుకోండి, వాడు నేర్చుకునేది ఆ తడబాటులోనే.