12 అంగుళాల కొలత, అరంగుళం గోడ

అమెరికాలో మనవాళ్ల ఇంట్లో దొంగలు పడి బంగారం పట్టుకుపోయారన్న వార్త వచ్చినప్పుడల్లా పాత వాదన ఒకటి మళ్లీ లేస్తుంది. తుపాకీ కొనాలా వద్దా అన్నది అందులో మొదటి సగమే. కొన్నవాళ్లకు అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది: షాట్‌గన్‌లో ఏ తూటా వేసి పెట్టుకోవాలి? తుపాకీ పెట్టుకునే హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగ రెండో సవరణ, సుప్రీంకోర్టు తీర్పుల సంగతి వదిలేద్దాం.

షాట్‌గన్ తూటాను షెల్ అంటారు, అందులో చాలా గుండ్రటి గుళ్లు ఉంటాయి. చిన్న గుళ్లుండే బర్డ్‌షాట్ చాలు, పక్క గదిలోకి పోదు అంటుంది ఒక పక్షం. పిట్టల కోసం చేసింది మనిషిని ఆపుతుందా, పెద్ద గుళ్లుండే బక్‌షాటే వేయాలి అంటుంది రెండో పక్షం. ఈ రెండో పక్షం నోట తప్పకుండా వచ్చే అంకె 12 అంగుళాలు. తూటా ఒంట్లోకి కనీసం అంత లోతు దిగాలట. ఇవాళ్టి గొడవంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతోంది. చిత్రమేమిటంటే, అది షాట్‌గన్ కోసం పుట్టింది కాదు, ఇంటి కోసం అంతకన్నా కాదు.

1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగల కారును ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు అడ్డగించారు. ఐదు నిమిషాలు కూడా పట్టని కాల్పుల్లో 140కి పైగా తూటాలు పేలాయి. మొదట్లోనే ఏజెంట్ జెర్రీ డవ్ పిస్టల్ నుంచి వెళ్లిన 9 ఎంఎం తూటా మైకేల్ ప్లాట్ అనే దొంగ కుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి దూరింది. ఊపిరితిత్తిని చిదిమి, గుండెకు సుమారు అంగుళం ఇవతల ఆగిపోయింది. ప్రాణం తీసే గాయమే, కానీ వెంటనే కూలిపోలేదు. ఆ గాయంతోనే ప్లాట్ రైఫిల్ పట్టుకుని కాలుస్తూ పోయాడు. డవ్‌తో పాటు బెంజమిన్ గ్రోగన్ అనే మరో ఏజెంట్ చనిపోయాడు, ఐదుగురు గాయపడ్డారు. చివరికి ఎడ్ముండో మిరెలెస్ అనే ఏజెంట్, ఒక చెయ్యి పనికిరాకుండా పోయినా, ఒంటిచేత్తో షాట్‌గన్ ఐదుసార్లు పేల్చి, ఆపైన రివాల్వర్‌తో ఇద్దరినీ ముగించాడు.

ఆ అంగుళమే ఎఫ్‌బీఐని కలవరపెట్టింది. 1987లో గాయాల శాస్త్రం తెలిసినవాళ్లను తమ శిక్షణ కేంద్రం ఉన్న క్వాంటికోకు పిలిపించారు. వాళ్లలో సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన మార్టిన్ ఫాక్లర్ మాట బాగా చెల్లింది. తూటా ఎంత శక్తితో తగిలిందన్నది కాదు, ఎంత లోతు దిగిందన్నదే చూడాలన్నది ఆయన వాదన. దాన్ని కొలవడానికి కండరానికి బదులు పది శాతం జెలటిన్ దిమ్మ వాడారు. మయామీలోలా చెయ్యి అడ్డొచ్చినా, మనిషి పక్కకు తిరిగి ఉన్నా లోపలి అవయవాన్ని చేరాలి కాబట్టి 12 అంగుళాలు కనీసమన్నారు. 18 దాటితే వృథా. ఇదంతా పోలీసు పిస్టల్ గురించి. తర్వాత తుపాకీ పత్రికలు, తూటా కంపెనీలు అదే దిమ్మను, అదే గీటురాయిని షాట్‌గన్ షెల్‌కీ పెట్టాయి.

షెల్ విప్పి గుళ్లు అరచేతిలో పోసుకుంటే తేడా తెలిసిపోతుంది. నంబర్ 8 బర్డ్‌షాట్ ఆవగింజంత, ఒక్క షెల్‌లో నాలుగు వందలకు పైనే ఉంటాయి. డబుల్ ఆట్ బక్‌షాట్ బఠాణీ గింజంత, ఎనిమిదో తొమ్మిదో పడతాయి. మధ్యలో నంబర్ 4 బక్ మిరియం కంటే కాస్త పెద్దది, 27 దాకా ఉంటాయి. (మన దగ్గర లైసెన్సున్న 12 బోరు షాట్‌గన్ వాళ్లు ఇలాంటి పెద్ద గుళ్ల షెల్స్‌ను ఎల్‌జీ, ఎస్‌జీ అంటారు. పేర్లు బ్రిటిష్ వాళ్లవి, లెక్క ఇలాంటిదే.) జెలటిన్‌లో ఆవగింజలు మామూలుగా నాలుగు నుంచి ఆరు అంగుళాల్లో ఆగిపోతాయి. బఠాణీలు 12 దాటేస్తాయి. ఆ కొలత నమ్మకంగా అందుకునే వాటిలో అన్నిటికంటే చిన్నది నంబర్ 1 బక్ అంటారు ఈ పక్షంవాళ్లు.

ఇక్కడిదాకా బక్‌షాట్ పక్షానిదే పైచేయి. నెత్తురు చాలా పోయినా మనిషి వెంటనే ఆగకపోవచ్చన్నది మయామీ చూపించిందే కదా.

గోడ దగ్గరికి వచ్చేసరికి వాళ్ల గొంతు తగ్గుతుంది. మన ఊళ్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడకు మేకు దిగాలంటే చెయ్యి నొప్పెడుతుంది. డల్లాస్ శివార్లలో ఇల్లు కొన్నవాళ్లు మొదటి ఫొటో తగిలిస్తున్నప్పుడే లోపల డొల్ల అని గ్రహిస్తారు. అరంగుళం జిప్సం పలక, మూడున్నర అంగుళాల ఖాళీ, మళ్లీ అరంగుళం పలక. గది గోడంటే ఇంతే. ఎఫ్‌బీఐ పరీక్షల్లో ఈ గోడ కూడా ఉంది. ముందు అలాంటి పలకలు రెండు నిలబెట్టి, వెనక జెలటిన్ పెట్టి కాలుస్తారు. తూటా గోడ దాటాక కూడా 12 అంగుళాలు దిగితేనే పాస్. గోడ చాటున దాక్కున్నవాణ్ని కొట్టాల్సిన పోలీసుకు అది సుగుణం. గోడకు అవతల పాప పడుకున్న ఇంట్లో అదే తూటాకు ఆ మార్కులు పడితే? కొలత ఒక్కటే, అవసరం తలకిందులైంది. ఈ మెలిక చెప్పకుండానే 12 అంగుళాల మాట తుపాకీ దుకాణం కౌంటర్ దాటి ఇంటికి వస్తోంది.

బర్డ్‌షాట్ పక్షం పట్టుకున్నది ఈ భయాన్నే, అందులో న్యాయం ఉంది. వాళ్లు ఇచ్చే హామీ మాత్రం సగమే నిజం. గది దూరంలో ఆవగింజలు ఇంకా విచ్చుకోవు, ముద్దలా పోయి తగులుతాయి. గురి తప్పితే మొదటి గోడ రెండు పలకల్నీ చీల్చగలవు.

2013 ఫిబ్రవరిలో అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ ఇంటి రక్షణకు డబుల్ బ్యారెల్ షాట్‌గన్ కొనుక్కోమన్నారు. ఏదైనా ప్రమాదమొస్తే బాల్కనీలోకొచ్చి రెండుసార్లు పేల్చమని భార్యకు చెప్పానని కూడా అన్నారు. ఏ తుపాకీ అన్నది చెప్పారు, ఏ తూటా అన్నది లేదు, పోయి ఎక్కడ పడుతుందన్నది అసలే లేదు.

కంపెనీలు షెల్ లోపల గుళ్లు చెదరకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ కప్పులు, వెనక్కి తక్కువగా తన్నే షెల్స్ తెచ్చాయి. గురి తప్పే గుళ్లు తగ్గాయి గానీ, తప్పినవి గోడ దాటకుండా ఉండవు. అందుకే ఈసారి వాదన కొత్త మలుపు తిరిగింది. ఏ షెల్ అని కాకుండా, మాస్టర్ బెడ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడితే పిల్లల గది ఏ వైపున పడుతుందని కొందరు అడుగుతున్నారు.