రాగి గుల్ల తెచ్చిన రిపేరు పెట్టె

గుర్రపు దళం వాడే పొట్టి రైఫిల్ కార్బైన్. అమెరికాలో 1877 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్‌లో, భుజానికి ఆనే చెక్క చివర ఒక చిన్న మూత ఉంటుంది. తెరిస్తే బ్యారెల్ శుభ్రం చేసేందుకు మూడు ముక్కలుగా విడదీసిన కడ్డీ, తల తెగిన తూటా గుల్లను బయటికి లాగే ఓ ఉక్కు పనిముట్టు దొరుకుతాయి. అమెరికా గుర్రపు దళానికి అంతకుముందిచ్చిన 1873 కార్బైన్‌లో ఈ అర లేదు, బ్యారెల్ కింద కడ్డీ కూడా లేదు. ఇవాళ బ్లాక్ పౌడర్ (పాతకాలపు తుపాకీ మందు) తూటాల రైఫిల్‌తో పోటీలకు వెళ్లేవాళ్ల రిపేరు పెట్టెలోనూ ముందు ఉండాల్సినవి ఈ రెండే. (ఆ మందును తెలుగు చేసి 'నల్లమందు' అన్నామంటే కథ వేరే దుకాణానికి పోతుంది. బ్లాక్ పౌడర్ అనే అందాం.)

అంతర్యుద్ధం ముగిసేసరికి అమెరికా ప్రభుత్వం దగ్గర మూతి నుంచి మందు కూరే తుపాకులు గుట్టలుగా మిగిలాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో మాస్టర్ ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల పనివాళ్ల పెద్దగా ఉన్న ఎర్‌స్కిన్ ఆలిన్ 1865లో వాటి వెనక భాగం కోసి, మూతలా పైకి లేచే బ్రీచ్ బ్లాక్ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే దిమ్మ) బిగించాడు. ట్రాప్‌డోర్ అనే పేరు దానివల్లే వచ్చింది. 1873 నాటికి అదే పద్ధతి .45-70 తూటాకు మారింది: 70 గ్రెయిన్ల మందు, అంటే నాలుగున్నర గ్రాములు, 405 గ్రెయిన్ల సీసపు గుండు, అంటే 26 గ్రాములు. కార్బైన్ తేలిక కాబట్టి దానికి మందు 55 గ్రెయిన్లకు తగ్గించారు.

చిక్కంతా గుల్లతో వచ్చింది. అమెరికా ప్రభుత్వపు ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారం దాన్ని రాగితో చేసేది. ఇత్తడి గుల్ల పేలుడు ఒత్తిడికి ఉబ్బి, ఒత్తిడి పోగానే కాస్త ముడుచుకుని వదులవుతుంది. రాగి మెత్తన, ఉబ్బింది ఉబ్బినట్టే ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) గోడను కరుచుకుంటుంది. పైగా తోలు బెల్టులో వారాల తరబడి ఉన్న తూటాకు పచ్చటి చిలుము పట్టేది. వరసగా కాలిస్తే వేడెక్కిన ఛాంబర్‌లో చిలుమూ మసీ కలిసి లక్కలా బిగిసేవి. కాల్చాక గుల్లను బయటికి లాగే ముక్క ఎక్స్‌ట్రాక్టర్. అది పట్టుకునేది గుల్ల వెనక అంచును మాత్రమే. గట్టిగా లాగితే ఆ తల ఊడొచ్చి, గొట్టం లోపలే ఉండిపోయేది.

1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర అమెరికా ఆదివాసులైన లకోటా, షయెన్ యోధులు గుర్రపు దళ అధికారి కస్టర్‌నూ అతని వెంట ఉన్న దళాన్నీ మట్టుబెట్టారు. బతికి బయటపడ్డ మేజర్ రీనో జులైలో ఆయుధ శాఖకు రాస్తూ, తన దగ్గరి 380 కార్బైన్లలో 6 పనికిరాకుండా పోయాయన్నాడు. బ్లాక్ పూర్తిగా మూసుకోక గుల్ల తలకూ బ్లాక్‌కూ మధ్య ఖాళీ మిగిలిందని, బ్లాక్ తెరవగానే తల తెగి వచ్చిందని, చేతిలో ఉన్నవాటితో గొట్టాన్ని తీయడం కుదరలేదని అతని ఫిర్యాదు. కెప్టెన్ థామస్ ఫ్రెంచ్ దగ్గర కాల్బలం వాడే పొడుగు రైఫిల్ ఉంది. దాని కడ్డీతోనే అతను సైనికుల తుపాకుల్లోంచి గుల్లలు పొడిచి తీసిచ్చాడని తోటివాళ్లు చెప్పారు. 1983లో అక్కడి గడ్డి తగలబడ్డాక 1984, 85లలో తవ్వి చూస్తే, దొరికిన కార్బైన్ గుల్లల్లో పెకలించిన గీతలున్నవి నూటికి మూడు మాత్రమే. కస్టర్ ఓడింది తుపాకులు ఇరుక్కునే అనే మాట నిలవదు. అయినా మరుసటేడు కార్బైన్ చెక్కలో అర తొలిచారంటే ఫిర్యాదు ఊరికే పోలేదన్నమాట.

బ్రిటిష్‌వాళ్లకూ ఇదే పాఠం ఎదురైంది. వాళ్ల సైన్యపు 1871 నాటి మార్టినీ-హెన్రీ రైఫిల్ తూటాలో 85 గ్రెయిన్ల మందు, 480 గ్రెయిన్ల గుండు. గుల్ల మాత్రం పలచటి ఇత్తడి రేకును చుట్టచుట్టి ఇనుప అడుగు తగిలించింది. సూడాన్‌లో 1885 జనవరి 17న అబూ క్లియా దగ్గర జరిగిన పోరులో వేడికీ ఇసుకకూ అవి ఇరుక్కుపోయాయి. ఆ తర్వాత ఒకే ముక్కగా సాగదీసిన ఇత్తడి గుల్ల వాడుకలోకి వచ్చింది. 1888లో వచ్చిన ఆ రైఫిల్ నాలుగో మార్కులో (నాలుగో రకంలో), గుల్లను బలంగా లాగేందుకు లీవర్‌ను కూడా పొడుగు చేశారు.

ఇవాళ్టి ఇత్తడి గుల్ల కూడా, నాలుగైదుసార్లో పదిసార్లో మందు నింపి వాడాక, తల దగ్గర సాగి తెగుతుంది. అప్పుడు ముందు చూడాల్సింది తూటా నిజంగా పేలిందా లేదా అని. పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి నిమిషం ఆగాలి; లోపల మందున్న తూటాను కడ్డీతో పొడవకూడదు. పేలి, గొట్టం మాత్రమే మిగిలితే బ్యారెల్ కొలతకన్నా కాస్త లావైన కంచు బ్రష్షును వెనక నుంచి గుల్ల మూతి దాటేదాకా తోసి వెనక్కి లాగాలి. వెంట్రుకలు తిరగబడి గుల్ల అంచును పట్టుకుంటాయి. రాకపోతే చుట్టూ చొచ్చుకునే నూనె వేసి పావుగంట ఆగి మళ్లీ లాగాలి. చాకు మొనతో పెకలిస్తే ఛాంబర్ అంచు గీరుకుపోతుంది, ఆపైన ప్రతి గుల్లా అక్కడే పట్టుకుంటుంది.

ట్రాప్‌డోర్ బ్లాక్ ఊడదీసేటప్పుడు కీలు పిన్ను బయటికి రాగానే ఎక్స్‌ట్రాక్టర్ వదులై, దాని వెనకున్న చిన్న స్ప్రింగు ఎగిరిపోతుంది. గడ్డిలో పడితే ఇక దొరకదు. అందుకే కింద గుడ్డ పరిచి, బ్లాక్ మీద బొటనవేలు అదిమిపెట్టి పిన్ను తోయాలి. స్పేర్‌గా దగ్గర ఉంచుకోవాల్సినవి ఆ స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టర్, ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టి పేల్చే సన్నటి కడ్డీ).

అదే కాలపు మరో అమెరికా తుపాకీ షార్ప్స్ రైఫిల్‌లో ఎక్కువగా విరిగేది ఫైరింగ్ పిన్ కొసే. పిన్నును కొట్టే హ్యామర్ కిందికి దిగి ఉండగానే బ్లాక్ తెరిచే లీవర్ లాగితే, కొస ప్రైమర్ (తూటా అడుగున మందు అంటించే చిన్న మూత) గుంతలో ఉండగానే బ్లాక్ కిందికి జారి కొసను నరికేస్తుంది. ముందు హ్యామర్‌ను సగం ఎత్తి ఆపి, ఆ తర్వాతే లీవర్. కొత్త పిన్ కొస గుండ్రంగా ఉండాలి. సూదిగా ఉంటే ప్రైమర్‌కు తూటు పడి, వేడి వాయువు కొసను తినేస్తుంది.

హ్యామర్‌ను కొట్టించే మెయిన్ స్ప్రింగు రేకును మడిచి V ఆకారంలో చేసింది. తుప్పు గుంత దగ్గరో, అడ్డంగా పడిన ఆకురాయి గీత దగ్గరో విరుగుతుంది. కాబట్టి రుద్దేదేదైనా నిలువుగానే రుద్దాలి. తీయడానికి పటకారు పనికిరాదు. హ్యామర్‌ను సగం ఎత్తి, పక్క మరలు రెండూ కొంచెం వదులు చేసి, వాటి తలల మీద మెల్లగా తట్టితే లాక్ ప్లేటు (హ్యామర్, స్ప్రింగు బిగించిన పక్క రేకు) చెక్క పెచ్చు లేపకుండా పైకి వస్తుంది. తర్వాత హ్యామర్ పూర్తిగా ఎత్తి, స్ప్రింగు వైసు (స్ప్రింగును నొక్కిపట్టే బిగింపు) తగిలించి బిగించి, అప్పుడే హ్యామర్ దించాలి.

అయితే "విరిగింది" అని తెచ్చేవాటిలో చాలా తుపాకులు విరిగినవి కావు, మసి పట్టి బిగిసినవే. బ్లాక్ పౌడర్ కాలితే సగానికి పైగా ఘనపదార్థంగా మిగిలిపోతుంది. అది తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది, పెట్రోలియం నూనె తగిలితే తారులా తయారవుతుంది. ముందు నీళ్లు, ఆరాక నూనె.

స్పేర్ కొనేముందు తుపాకీ ఎవరు చేశారో చూడాలి. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారం 1840ల నుంచే ఒకదాని భాగం మరొకదానికి సరిపోయేలా చేసేది, కాబట్టి పాత ట్రాప్‌డోర్ స్పేరు చాలావరకు నేరుగా కూర్చుంటుంది. 1881లో మూతపడిన షార్ప్స్ కంపెనీ భాగాలకు ఆకురాయి పని తప్పదు. ఇటలీ నకళ్ల మరలైతే అసలువాటిలో చాలావరకు ఎక్కవు. కాఠ్‌మాండూ పాత ఆయుధశాల సరుకు 2003 తర్వాత అమెరికా చేరడంతో మార్టినీ భాగాలకు కొరత తీరింది. ఆ సరుకులోనే గహేంద్ర రైఫిళ్లూ ఉన్నాయి. పైకి మార్టినీలాగే కనిపిస్తాయి కానీ లోపలి యంత్రం వేరు, స్ప్రింగు రేకుది. నేపాల్‌లో చేత్తో చేసినవి కావడంతో ఒక గహేంద్ర ముక్క ఇంకో గహేంద్రకే పట్టదు. మార్టినీ స్పేరు అయితే అసలు దూరదు.