రోడ్డు ఎవరిది, కోర్టు ఎక్కడిది: విశాఖ జిల్లాలో పాత హద్దుల కథ

రోడ్డు వెడల్పు కోసం గోడల మీద ఎర్ర గీత పడగానే విశాఖలో మొదలయ్యే తగాదా ఒకటే. ఇంటివాళ్ళు పట్టా, దస్తావేజు, ఈసీ (రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తెచ్చి చూపిస్తారు. సర్వేయరు ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) తెరిచి ఇది రస్తా పోరంబోకు, అంటే దారికి వదిలిన నేల అంటాడు. చాలాసార్లు ఇద్దరి చేతిలోనూ ఉన్నవి నిఖార్సయిన కాగితాలే. అవి ఎందుకు పొసగవో తెలియాలంటే కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలం దాకా వెళ్ళాలి. భూమి హక్కుకు ఒక హద్దు, కోర్టు అధికారానికి ఇంకో హద్దు, రోడ్డు ఖర్చుకు మరో హద్దు గీసి, వాటిని ఎక్కడా కలపకుండా వదిలేసిన పాలన అది.

1794లో విశాఖపట్నం చీఫ్, కౌన్సిల్ పెత్తనం పోయి కలెక్టర్లు వచ్చారు. ఆ ఏడాదే జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం జమీందారు చినవిజయరామరాజు నేలకొరిగాడు. 1802లో 25వ రెగ్యులేషన్‌తో శిస్తును ఎప్పటికీ ఖాయం చేసే శాశ్వత బందోబస్తు జరిగింది. విజయనగరం జమీందారీకి పేష్కషు (ఏటా సర్కారుకు కట్టే సొమ్ము) 5 లక్షల రూపాయలుగా కట్టారు. అసలు చిక్కు అప్పుడు జమీందారుకు ఇచ్చిన సనదు (హక్కు పత్రం)లోనే ఉంది. జమీందారుకు ఇచ్చింది పొలాలు మాత్రమే కాదు, ఊరికి ఊరే. సర్కారు తనకు అట్టే పెట్టుకున్నవి ఉప్పు, అబ్కారీ, సాయరు (సరుకుల మీద) సుంకాలు, లాఖిరాజు (శిస్తు లేని) మాన్యాల వంటివి. బండి బాటలు, గెడ్డలు (వాగులు), గయాలు (ఖాళీ నేలలు) ఆ జాబితాలో లేవు. అంటే ఎస్టేటు (జమీందారీ) ఊళ్ళో దారి కూడా జమీందారు ఖాతాలోనే పడింది. గొలుగొండ, సర్వసిద్ధి, పాలకొండ తాలూకాలు మాత్రం తర్వాత సర్కారు తాలూకాలుగా నిలిచాయి. అక్కడ రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైతువారీ లెక్క కాబట్టి బాట సర్కారుదే. పక్కపక్క ఊళ్ళలో ఒకే రోడ్డుకు వేర్వేరు యజమానులు ఉండడం ఇలా మొదలైంది.

కోర్టులు కూడా ఆ 1802లోనే వచ్చాయి. జిల్లా కోర్టు తీర్పు మీద అప్పీలుకు మచిలీపట్నం ప్రావిన్షియల్ కోర్టుకు పోవాలి. 1816లో జిల్లా మునసబులను, గ్రామ మునసబులను పెట్టారు. 1843లో ప్రావిన్షియల్ కోర్టులు ఎత్తేశారు. ఇంతవరకూ మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటా జరిగిందే విశాఖలోనూ జరిగింది. దారి వేరుపడింది 1839లో. పర్లాకిమిడి, పాలకొండ, పాయకరావుపేట వైపు చెలరేగిన తిరుగుబాట్లను అణచడానికి వచ్చిన స్పెషల్ కమిషనర్ జార్జి రస్సెల్, కొండ జమీందారీలకు మామూలు కోర్టులు పనికిరావని నివేదించాడు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఆ ప్రాంతాలను మామూలు సివిలు, క్రిమినలు చట్టాల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టింది. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటున్నది ఆ మాటే. మొదట జిల్లాలో అత్యధిక భాగం దీని కిందికి పోయింది. 1863లో విజయనగరం, బొబ్బిలి జమీందారీల మైదాన ఊళ్ళను మళ్ళీ మామూలు కోర్టుల కిందికి తెచ్చారు. కాబట్టి 1839 నుంచి 1863 మధ్య విజయనగరం వైపు భూమి వ్యాజ్యం కోసం వెతికేవాళ్ళు జిల్లా కోర్టు దస్త్రాల్లోనే కూర్చుంటే దొరక్కపోవచ్చు. ఏజెంటు దస్త్రాలు కూడా చూడాలి.

రోడ్డుకు డబ్బు సంగతి వేరే. 1866 రోడ్డు సెస్సు (అదనపు పన్ను) చట్టం శిస్తు రూపాయికి అర్ధణా దాకా వసూలు చేయమంది. 1871 లోకల్ ఫండ్స్ చట్టం దాన్ని అణా దాకా పెంచింది. 1884లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. ఎస్టేటుల్లో జమీందారు సెస్సు కట్టి, సగం రైతు దగ్గర రాబట్టుకునేవాడు. నేల జమీందారుది, సెస్సులో సగం భారం రైతుది, మరమ్మతు బోర్డుది. కలకత్తా ట్రంకు రోడ్డు వంటివి పబ్లిక్ వర్క్స్ శాఖ చూసుకునేది. ఏజెన్సీలో బోర్డులూ లేవు, సెస్సూ లేదు. సర్కారు ఖజానాతోనే ఘాట్ రోడ్లు వేశారు. కూలి ఇచ్చీ ఇవ్వనట్టు ఇచ్చి, వెట్టి చేయించుకుని వేసిన రోడ్లవి. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారి పనిలో మన్యం జనం పడ్డ బాధ 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణా మీద అల్లూరి సీతారామరాజు దాడికి ముందరి కథలో పెద్ద భాగం. ఆ ఘాట్ మీద వెళ్ళేవాళ్ళు ఈ సంగతి మరచిపోకూడదు.

ఇక భూమి తీసుకోవడం. మద్రాసు రాజధానికి మొదటి చట్టం 1852లో వచ్చింది. 1857 చట్టంలో ధర మీద పేచీ వస్తే మధ్యవర్తులు తేల్చేవారు. 1870లో అది జడ్జి, ఆయనకు తోడుగా కూర్చునే అసెసర్ల చేతికి వెళ్ళింది. 1894 నాటి 1వ చట్టం అసెసర్లను తీసేసింది. ఈ చట్టం 2013 చివరి దాకా 120 ఏళ్ళు నడిచింది గనుక దాని మెట్లు తెలియకుండా ఏ పాత రోడ్డు ఫైలూ అర్థం కాదు. 4వ సెక్షను ప్రకటనతో సర్వేకు దారి తెరుచుకుంటుంది. 6వ సెక్షను డిక్లరేషనుతో ప్రజావసరం ఖాయమవుతుంది. 9వ సెక్షను నోటీసుతో హక్కుదారులను పిలుస్తారు, 11 కింద కలెక్టరు అవార్డు రాస్తాడు, 16 కింద స్వాధీనం. అత్యవసరమంటే 17వ సెక్షను కింద 9వ సెక్షను నోటీసు పడ్డ 15 రోజులకే బీడు, సాగు భూములను తీసుకోవచ్చు. మార్కెట్ ధర మీద 15 శాతం అదనం, 1984 సవరణ తర్వాత 30 శాతం. ధర చాలదనుకుంటే 18వ సెక్షను కింద కోర్టుకు పంపమని అడగాలి. అవార్డు రోజున ఎదుట ఉన్నవారికి ఆరు వారాలే గడువు. ఎందరో రైతులు తప్పింది ఇక్కడే.

జమీందారీ ఊళ్ళలో ఆ అవార్డు కాగితం చూడదగ్గది. ఒకే చెక్కకు ఎదురుగా జమీందారు మేల్వారం (శిస్తు వాటా) విలువ, జిరాయితీ రైతు కుడివారం (సాగు హక్కు) విలువ విడివిడిగా ఉంటాయి. వాటా తేలకపోతే 30వ సెక్షను కింద కోర్టుకు, డబ్బు కోర్టు డిపాజిట్‌కు. ఏ కోర్టు? మైదానంలో జిల్లా కోర్టు, కొండమీద ఏజెంటు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఒకే రోడ్డుకు కొండ దిగువ రైతు ఒక చోటికి, ఎగువ రైతు ఇంకో చోటికి పోవలసి వచ్చేది.

నష్టం జరిగింది మాత్రం కోర్టులో కాదు, కరణం లెక్కలో. అవార్డు అయ్యాక ఆ సర్వే నంబరును సబ్‌డివిజను చేసి, రోడ్డు ముక్కను వేరే నంబరుగా ఎఫ్‌ఎంబీలోకి, అడంగల్లోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే రైతు పాత విస్తీర్ణం మీదే శిస్తు కడుతూ పోతాడు, వారసులు దాన్నే అమ్ముతారు. భూసేకరణ అవార్డు రిజిస్ట్రేషను ఆఫీసులో నమోదయ్యేది కాదు గనుక ఈసీ శుభ్రంగా కనిపిస్తుంది. కొన్నవాడి తప్పేమీ లేదు. అయినా గోడ పోయేది అతనిదే. ఇది అన్యాయమే. దానికి మూలం లెక్కలోకి ఎక్కని ఒక్క నమోదు.

కొలతల్లోనూ అంతే. పాత ఎఫ్‌ఎంబీ అంకెలు అడుగులు కావు, లింకులు. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు. రోడ్డుకు 50 అని ఉంటే 33 అడుగులు, అంటే సుమారు 10.06 మీటర్లు. దాన్ని 50 అడుగులని చదివితే 17 అడుగుల నేల లేని చోట పుట్టుకొస్తుంది. 33 అడుగుల రోడ్డు మైలుకు సరిగ్గా 4 ఎకరాలు తింటుంది, గొలుసు వెడల్పుదైతే 8. అవార్డులోని మొత్తం విస్తీర్ణం దీనికి దగ్గరగా లేకపోతే, కొంత నేల సర్కారుదో, దానమిచ్చిందో, లేదా అవార్డే లేకుండా నోటిమాటగా వాడుకున్నదో అయి ఉండాలి.

1905 ఆక్రమణల చట్టం 2వ సెక్షను బహిరంగ దారులన్నీ సర్కారు ఆస్తి అంది, కానీ జమీందారుల, ఇనాందారుల ఆస్తిని మినహాయించింది. వీధి మునిసిపాలిటీకి 'దఖలు' అంటే దారిగా వాడటానికి కావలసిన మేరకే తప్ప దాని కింది నేల మీద యాజమాన్యం కాదని 1902లో మధురై మునిసిపాలిటీ కేసులో మద్రాసు హైకోర్టు తేల్చింది. ఈ రెండూ కలిసి ఎస్టేటు ఊళ్ళ రోడ్లను దశాబ్దాల పాటు గాలిలో ఉంచాయి. 1948 ఎస్టేటుల రద్దు చట్టం 3వ సెక్షనుతో పోరంబోకులతో సహా ఎస్టేటు అంతా ప్రభుత్వానికి దఖలుపడ్డాక గానీ అవి నేలకు దిగలేదు.

అందుకే పాత రికార్డు అడిగేముందు ఊరు ఏ రకమో తేల్చుకోవాలి. రైతువారీ ఊరైతే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్‌ఎస్‌ఆర్ అడగాలి. ఎస్టేటు ఊరైతే దానికి ఆర్‌ఎస్‌ఆర్ ఉండదు, ఎస్‌ఎఫ్‌ఏ, అంటే సెటిల్‌మెంట్ ఫేర్ అడంగల్ అడగాలి. అవార్డు నకలు కలెక్టరేటు భూసేకరణ విభాగంలో, డిపాజిట్ వివరం కోర్టులో. 1936లో జయపురం ఒడిశాకు, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం కొత్త జిల్లాలకు పోయాయి. కాబట్టి కాగితం పుట్టిన నాటి జిల్లా ఏదో చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి గానీ కోర్టుల హద్దులు ఆ రోజే మారలేదు. జుడీషియల్ జిల్లాకు నోటిఫికేషను వేరు. దావా వేసేముందు మండలం ఏ జిల్లాలో ఉందో చూస్తే చాలదు, ఏ కోర్టు పరిధిలో ఉందో ఆ నోటిఫికేషనులో చూసి నిర్ధారించుకోవాలి.