కొన్న ఆటకు గడువెందుకు?

2024 మార్చి 31న ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్ 'ది క్రూ' అనే కార్ల పందేల ఆటను నెట్ ద్వారా నడిపే కంప్యూటర్లను, అంటే సర్వర్లను ఆపేసింది. 2014 డిసెంబరులో వచ్చిన ఆట అది. అమెరికా పటాన్ని కుదించి, ఈ తీరం నుంచి ఆ తీరం దాకా ఎక్కడా ఆగకుండా కారు నడుపుకుంటూ పోయేలా తీర్చిదిద్దారు. ఒంటరిగా ఆడుకునే కథాభాగం కూడా కంపెనీ సర్వర్‌కు కలిస్తే తప్ప మొదలయ్యేది కాదు. దాంతో ఆ రోజు తర్వాత డబ్బిచ్చి కొన్న డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నా ఆడటానికి పనికిరాలేదు. సర్వర్ల వ్యవస్థ, లైసెన్సుల పరిమితులు కారణమని కంపెనీ చెప్పింది.

ఇప్పటి ఆటల్లో ఏం కొరవడిందని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే: కొన్నది మన దగ్గర ఉంటుందన్న భరోసా.

ఆ భరోసా ఎలా ఉండేదో 1990లలో పెరిగినవాళ్లకు తెలుసు. టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టె, దానిలో దూర్చే ప్లాస్టిక్ క్యాసెట్. తెర మీద గీతలు వస్తే క్యాసెట్ పైకి లాగి, అడుగున వరుసగా మెరిసే లోహపు పళ్ల మీద ఉఫ్ఫుమని ఊది, మళ్లీ గట్టిగా నొక్కేవాళ్లం. వేసవి సెలవుల్లో మన క్యాసెట్ పక్కింటికి వెళ్లేది, వాళ్లది మనింటికి వచ్చేది. దాన్ని తయారుచేసిన కంపెనీ నడుస్తోందో మూతపడిందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

కంప్యూటర్ ఆటల్లో ఈ స్వేచ్ఛ ఇంకా విశాలంగా ఉండేది. ఇడ్ సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబరులో 'డూమ్' తెచ్చినప్పుడు మొదటి భాగాన్ని ఉచితంగా పంచిపెట్టింది. 1997లో దాని సోర్స్ కోడ్‌నే, అంటే ఆట వెనకున్న ప్రోగ్రాం రాతనే బయటపెట్టింది. అందుకే మూడు దశాబ్దాలు దాటినా ఆ ఆట ఏ యంత్రం మీదైనా లేచి కూర్చుంటోంది. 'హాఫ్-లైఫ్' ఆటను మార్చుకునే వెసులుబాటు ఉండబట్టే 1999లో ఇద్దరు కుర్రవాళ్లు దాని మీద 'కౌంటర్-స్ట్రైక్' అనే తుపాకుల ఆట కట్టారు. హైదరాబాదు నెట్ సెంటర్లలో గంటకింత అని ఇచ్చి ఆడినవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒక కంప్యూటర్‌లో ఆట తెరిస్తే మిగతావన్నీ తీగ ద్వారా అందులో చేరేవి. బయట ఇంటర్నెట్ పోయినా గదిలో ఆట ఆగేది కాదు.

మలుపు 2004 నవంబరులో వచ్చింది. 'హాఫ్-లైఫ్ 2' డిస్కు కొన్నవాళ్లు కూడా దాన్ని తయారుచేసిన వ్యాల్వ్ కంపెనీ వారి స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల వేదికలో ఖాతా తెరిచి, నెట్ ద్వారా అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. స్టీమ్ వల్ల మేలు జరగలేదనను. డిస్కు గీతలు పడితే ఆట పోయిందన్న బెంగ తీరింది. కానీ తాళంచెవి కంపెనీ చేతికి వెళ్లింది.

2013 మార్చిలో 'సిమ్‌సిటీ' వచ్చేసరికి, ఒక్కరే కూర్చుని ఊరు కట్టుకునే ఆటకూ సర్వర్ తప్పనిసరైంది. సర్వర్లు కిక్కిరిసి, కొన్నవాళ్లు రోజుల తరబడి లోపలికి వెళ్లలేకపోయారు. నెట్ లేకుండా ఆడించడం చాలా పెద్ద పని అని తయారీదారులు అన్నారు. ఏడాది తిరిగేసరికి వాళ్లే ఆ సదుపాయం ఇచ్చారు. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పరిశ్రమ నేటికీ ఇదే చెబుతోంది.

'ది క్రూ' మూతపడగానే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. సర్వర్లను కలకాలం నడపమని ఆయన అడగడం లేదు. ఆపేసే రోజున ఆటను ఆడుకోదగిన స్థితిలో వదిలివెళ్లమంటున్నాడు. ఇంతకంటే న్యాయమైన కోరిక ఉంటుందా? యూరోపియన్ యూనియన్‌కు సమర్పించే పౌర వినతిపై 2025 జులైలో సంతకాలు 10 లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది: అమ్మేది లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. అదే రాష్ట్రంలో 'ది క్రూ' కొన్నవాళ్లు వేసిన దావాలో, వాళ్లు కొన్నది పరిమిత లైసెన్సేనని యూబీసాఫ్ట్ వాదించింది.

సంతకాలు వెల్లువెత్తిన నెలలోనే యూరప్ పరిశ్రమ సంఘం స్పందించింది. ఆపేసిన ఆటను ఆడుకోదగినట్టు వదలాలంటే ఖర్చు భరించలేనంత పెరుగుతుందని, కంపెనీ చేతిలో లేని ప్రైవేటు సర్వర్లలో ఆటగాళ్ల సమాచారానికి రక్షణ ఉండదని అంది. సమాచార రక్షణ మాట తీసిపారేయదగినది కాదు. ఖర్చు మాట మాత్రం నాకు మింగుడుపడదు. నిరసన పెరిగాక 2024 సెప్టెంబరులో యూబీసాఫ్టే ఈ వరుసలోని తర్వాతి రెండు ఆటలకు నెట్ లేకుండా ఆడే ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. మరో ఏడాదికి, జీతం భత్యం లేని కొందరు అభిమానులు సొంతంగా సర్వర్ ప్రోగ్రాం రాసి, ఆగిపోయిన 'ది క్రూ'ను మళ్లీ రోడ్డెక్కించారు.