డిపియెత్రో బాకీ ఎక్కడ మొదలైంది?

ఐస్ హాకీలో ఏ గోలీకి (గోల్‌కీపర్‌కు) భారీ కాంట్రాక్టు దక్కినా రిక్ డిపియెత్రో పేరు మళ్లీ పైకొస్తుంది. 2024 డిసెంబరులో న్యూయార్క్ రేంజర్స్ ఇగోర్ షెస్టెర్కిన్‌కు 8 ఏళ్లకు 9.2 కోట్ల డాలర్లు రాసిచ్చినప్పుడూ అంతే. పక్కనే ఉన్న ఐలాండర్స్ క్లబ్, ఒప్పందం మధ్యలోనే 2013లో వదిలించుకున్న తన గోలీ డిపియెత్రోకు ఏటా 15 లక్షల డాలర్లు కడుతూనే ఉంది. 2029 దాకా కట్టాలి.

2006లో అతనికిచ్చిన 15 ఏళ్ల, 6.75 కోట్ల డాలర్ల ఒప్పందం మీద జోకులు అందరూ విన్నవే. అసలు తప్పు అంతకు ఆరేళ్ల ముందే జరిగిపోయింది.

2000 జూన్ 24, కెనడాలోని కాల్గరీ, డ్రాఫ్ట్ రోజు, అంటే క్లబ్బులు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే రోజు. ఐలాండర్స్‌కు అప్పటికే మంచి గోలీ ఉన్నాడు, 21 ఏళ్ల రాబర్టో లువాంగో. 1997లో నాలుగో ఎంపికగా తీసుకున్న కుర్రాడు. ఉత్తర అమెరికా ప్రధాన లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్‌లోనే బోస్టన్ కొట్టిన 43 షాట్లు ఆపి జట్టును గెలిపించాడు. ఒక్క సీజన్, 24 మ్యాచ్‌లు. అంతే, మేనేజర్ మైక్ మిల్‌బరీ అతన్ని మరో ఆటగాడు ఓలీ యోకినెన్‌తో కలిపి ఫ్లోరిడా జట్టుకు పంపేశాడు. ఆ రోజే తొలి ఎంపికగా డిపియెత్రోను తీసుకున్నాడు. 1968 తర్వాత అప్పటిదాకా ఆ స్థానంలో గోలీని ఎవరూ తీసుకోలేదు. ఇందులో రిస్క్ ఉందని తెలిసే చేశానన్నది మిల్‌బరీ వాదన.

మరి డిపియెత్రో సంగతి? 18 ఏళ్లు, బోస్టన్ యూనివర్సిటీలో ఆడింది ఒక్క ఏడాది. ఆ చలికాలమే బలహీనమైన జట్టు గోలు ముందు నిలబెట్టారు. 20 మ్యాచ్‌లాడితే 3 గెలుపులు, 15 ఓటములు. మరుసటి ఏడాది మరో గోలీ క్రిస్ ఆస్‌గుడ్‌ను తెచ్చుకుని, ఇతన్ని బ్రిడ్జ్‌పోర్ట్‌లోని చిన్న లీగ్ జట్టుకు పంపారు. ప్రధాన గోలీగా కుదురుకునేసరికి 2003 వచ్చేసింది. గోలు వదిలి ముందుకొచ్చి, డిఫెండర్‌లా పక్‌ను (ఆడే బిళ్లను) అందించడం అతని ప్రత్యేకత. గోలు వెనక మూలల్లో గోలీ పక్ ముట్టుకోకూడదని 2005లో లీగ్ నిబంధన పెట్టింది. అతన్ని ఏ విద్య చూసి ఎంచుకున్నారో దానికే కత్తెర పడింది!

ఆ తర్వాతి ఏడాదే ఆ పెద్ద ఒప్పందం. అప్పటి మేనేజర్ గార్త్ స్నో అంతకుముందు సీజన్‌లో డిపియెత్రోకు బ్యాకప్ గోలీ, ఇదో విచిత్రం. తర్వాత తుంటికి, మోకాళ్లకు ఆపరేషన్లు. డబ్బు తీసుకుని కూర్చున్నాడని అతన్ని తిట్టేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు: ఇస్తామన్నది క్లబ్బే.

చివరికి అతను ఆడింది 318 మ్యాచ్‌లు. లువాంగో 1,044 ఆడి 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు.

2003లో పిట్స్‌బర్గ్ కూడా తొలి ఎంపికగా గోలీనే తీసుకుంది, మార్క్-ఆండ్రే ఫ్లూరీని. 21 మ్యాచ్‌లు ఆడించి, తొందరపడకుండా జూనియర్ జట్టుకు తిరిగి పంపింది. ఆరేళ్లకు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు తెచ్చాడు.