గూడ్సు రైలులో చోటు అమ్మడం ఎందుకింత కష్టమైంది?

లారీలో సరుకు పంపాలంటే ఒక ఫోను చాలు, కాసేపట్లో ధర చెబుతారు. గూడ్సు రైలుకైతే ఎవరిని అడగాలో తెలుసుకోవడమే ఒక పని. గోదాము నుంచి టెర్మినల్ దాకా ఒకరు, ఎక్కించి దించడానికి మరొకరు, వ్యాగన్లు ఎప్పుడు దొరుకుతాయో చెప్పడానికి ఇంకొకరు. ఈ లెక్కలన్నీ కలిసి ఒక ధరగా చేతికందేలోపు సరుకు లారీ ఎక్కేస్తుంది. సరుకు రవాణాను నడిపే లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తీర్చాలని చూస్తున్నది ఈ జాప్యాన్నే. దాని మూలాలు మాత్రం చాలా పాతవి.

1842లో లండన్‌లో రైల్వే క్లియరింగ్ హౌస్ మొదలైంది. ఒక కంపెనీ వ్యాగన్ మరో కంపెనీ పట్టాల మీద వెళ్తే వచ్చిన డబ్బును ఎలా పంచుకోవాలన్నది దాని పని. జంక్షన్లలో గుమాస్తాలు నిలబడి వ్యాగన్ల నంబర్లు రాసుకునేవారు. రైల్వేలు సమాచారం సేకరించడం నేర్చుకున్నది తమలో తాము వాటాలు తేల్చుకోవడానికే.

అమెరికాలో 1887 నాటి అంతర్‌రాష్ట్ర వాణిజ్య చట్టం రేట్లను బహిరంగంగా ప్రకటించాలని ఆదేశించింది. మనిషిని బట్టి ధర మార్చే అన్యాయాన్ని ఆపడానికి అది అవసరమే. అయితే ధరలు లావుపాటి టారిఫ్ పుస్తకాల్లోకి చేరి, వాటిని చదవడమే ఒక వృత్తిగా మారింది. రైల్వేలపై నియంత్రణను సడలించిన 1980 నాటి స్టాగర్స్ చట్టం రైల్వేలకూ ఖాతాదారులకూ మధ్య రహస్య ఒప్పందాలకు దారి తెరిచాక బేరమాడే శక్తి ఉన్న పెద్ద సంస్థలు లాభపడ్డాయి. రెండు కాలాల్లోనూ చిన్న వ్యాపారికి రైలు ధర అంతుపట్టలేదన్నది నా అభిప్రాయం.

కంప్యూటర్ వచ్చాక కూడా అది ముందు అమ్మకాలకు కాక, వ్యాగన్లను విడదీసి రైళ్లుగా కూర్చే యార్డుకే వెళ్లింది. 1960లలో సదరన్ పసిఫిక్ రైల్వే ‘టాప్స్’ అనే వ్యవస్థను తయారుచేసింది. 1970లలో బ్రిటిష్ రైల్ దాన్ని తెచ్చుకుంది. ఏ వ్యాగన్ ఎక్కడుంది, నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అన్నది అది చెప్పేది. అమెరికాలో 1967 నుంచి వ్యాగన్లకు రంగుగీతల చీటీలు అతికించారు. వాటి మీద మట్టి పేరుకుని యంత్రాలు చదవలేకపోవడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1990లలో రేడియో ట్యాగులు వచ్చాకే ఆ పని నిలకడగా సాగింది. ఇదంతా గొప్ప శ్రమే. కానీ అదే 1960లలో విమాన సంస్థలు ‘సేబర్’ వంటి వ్యవస్థలతో కంప్యూటర్‌ను నేరుగా సీట్ల అమ్మకానికి పెట్టాయి.

తేడాకు కారణం ఉంది. విమానంలో సీటు సీటే. గూడ్సులో మాత్రం బొగ్గు వేరు, ధాన్యం వేరు, ఉక్కు చుట్టలు వేరు. పైగా రైలు మొత్తాన్ని ఏళ్ల తరబడి ఒప్పందంతో తీసుకునే ఖాతాదారులుంటే కౌంటరు తెరవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. 1956లో అమెరికా రవాణా వ్యాపారి మాల్కం మెక్లీన్ ఓడ మీద పంపిన కంటైనర్లు ఆ తర్వాత రైలెక్కాక, గూడ్సులోనూ లెక్కపెట్టి అమ్మగలిగే ‘చోటు’ ఏర్పడింది.

ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి సరుకు రైళ్ల మార్కెట్ పూర్తిగా పోటీకి తెరుచుకుంది. అంతకు ముందు ఏడాదే సంస్థల మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ఉమ్మడి ప్రమాణాలు వచ్చాయి. అయినా సరుకు పంపేవారు వాడే రవాణా సాఫ్ట్‌వేర్ ఎక్కువగా లారీ చుట్టూ అల్లుకున్నదే. అది గుమ్మం నుంచి గుమ్మానికి ధర అడుగుతుంది. రైలు టెర్మినల్ నుంచి టెర్మినల్‌కే జవాబివ్వగలదు. రెండు చివర్లా లారీ ఖర్చు, క్రేన్ ఛార్జీ, సరుకు అప్పగించాల్సిన గడువు కలిపి ఒకే ధరగా చూపితేనే రైలు ఆ తెరపై పోటీకి నిలుస్తుంది. అందుకు యార్డు సమాచారం అమ్మకాల విభాగానికి అప్పటికప్పుడు చేరాలి. తెరపై చోటు చూపించి, తీరా వ్యాగన్ లేదంటే ఆ ఖాతాదారు మళ్లీ లారీకే ఫోను చేస్తాడు.