పర్మనెంట్ అడ్రస్ కాలమ్‌లో రాసిందే డొమిసైల్ కాదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

నా దగ్గరికొచ్చే ఫైళ్ళలో సగం గొడవ ఒకే కాలమ్ దగ్గర మొదలవుతుంది, పర్మనెంట్ అడ్రస్ అని ఉంటుంది చూశారా, అక్కడ. మొన్న ఒకాయన ఫైలు తిరగేస్తే బ్యాంకు ఫారంలో ఒక దేశం అడ్రసు, ఇన్సూరెన్స్‌లో ఇంకో దేశం, విల్లులో మూడోది. మూడింటి కిందా ఆయన సంతకమే. అబద్ధం ఆడాడా అంటే లేదు, ఏ ఫారం ఏం అడుగుతోందో ఆయనకి ఎవరూ చెప్పలేదంతే. విల్లులు, రెండు దేశాల మధ్య నలిగే టాక్స్ కేసులు చూసే పని నాది, అందుకే రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నా.

ముందు ఒక ముక్క. రెసిడెన్స్ అంటే మీరు ఉంటున్న చోటు. డొమిసైల్ అంటే ఎక్కడెక్కడ తిరిగినా చట్టం మీ సొంత చోటుగా లెక్కేసేది. రెసిడెన్స్ ఒకేసారి రెండు మూడు చోట్ల ఉండొచ్చు, డొమిసైల్ అలా కాదు, ఒక వ్యవహారానికి ఒక్కటే. అసలేదీ లేకుండా కూడా ఉండదు, ఇంగ్లిష్ కామన్ లా పద్ధతిలో పుట్టగానే ఒకటి వచ్చేస్తుంది, మామూలుగా తండ్రిది.

అపోహ: "ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానండీ, ఇంకేం డొమిసైల్ కావాలి?"

ఈ మాట అన్న ప్రతివాళ్ళకీ నేను విలియం లూయిస్ వినన్స్ కథ చెప్తా. అమెరికాలో పుట్టాడు, రష్యాలో రైల్వే కాంట్రాక్టులు చేసి బాగా సంపాదించాడు, ఆరోగ్యం దెబ్బతింటే 1860 ప్రాంతంలో ఇంగ్లాండ్ వచ్చాడు, 1897లో పోయేదాకా ఎక్కువ కాలం అక్కడే గడిపాడు. ఆయన ఆస్తి మీద పన్ను కోసం కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికంటే పై కోర్టు) దాకా వెళ్తే 1904లో వాళ్ళేమన్నారంటే, ఇంగ్లాండ్‌కి డొమిసైల్ మారినట్టు రుజువు కాలేదు అని. ఎందుకంటే ఆయనకి ఇంగ్లాండ్ అంటేనే పడదు, మనసంతా అమెరికాలోని బాల్టిమోర్ మీదే, అక్కడ చుట్ట ఆకారంలో ఓడలు పెట్టి బ్రిటన్ నౌకా వ్యాపారాన్ని దెబ్బకొట్టాలని కలలు కనేవాడు. ఆ కల తీరేది కాదని ఎవరికైనా తెలుస్తుంది, అయినా సరిపోయింది. తీర్పు ఏకగ్రీవం కాదులెండి, జడ్జిల్లో ఒకరైన లార్డ్ లిండ్లీ ఒప్పుకోలేదు, నిజం చెప్పాలంటే నాకూ ఆయన మాటే సబబు అనిపిస్తుంది.

దానికంటే విడ్డూరం జార్జ్ బోవీ కేసు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టినాయన, 1892లో ఇంగ్లాండ్‌లోని లివర్‌పూల్ చేరి 1927లో చనిపోయేదాకా అక్కడే, తల్లి అంత్యక్రియలకి కూడా గ్లాస్గో వెళ్ళలేదు, తనని పూడ్చే స్థలం కూడా లివర్‌పూల్‌లోనే ఏర్పాటు చేసుకున్నాడు. ఇంకేం కావాలి అనుకుంటాం కదా, 1930లో కోర్టు డొమిసైల్ స్కాట్లాండే అంది! ఉద్యోగం సద్యోగం లేకుండా తోబుట్టువుల పంచన చేరి కదలకుండా కూర్చున్నాడు, కదలకపోవడం వేరు, ఇక్కడే ఉండిపోతానని నిశ్చయించుకోవడం వేరు అని. దీనివల్ల ఏమైందంటే సాక్షులు లేకుండా రాసిన ఆయన విల్లు స్కాట్లాండ్ చట్టం ప్రకారం చెల్లింది, ఇంగ్లాండ్ చట్టమైతే చిత్తు కాగితమే. పుట్టుకతో వచ్చిన డొమిసైల్ మారిందని చూపించే బరువు ఎప్పుడూ మారిందన్నవాళ్ళ మీదే.

అపోహ: "పర్మనెంట్ హోమ్ అంటే సొంతిల్లు."

ఒకావిడ తాళాల గుత్తి తీసి నా బల్ల మీద పెట్టి ఇదిగోండి నా పర్మనెంట్ హోమ్ అన్నారు. లోపల ఎవరున్నారమ్మా అంటే, మూడేళ్ళ అగ్రిమెంట్ మీద ఒక ఫ్యామిలీ అన్నారు. ఇంకేముంది.

టాక్స్ ట్రీటీల్లో, అంటే ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా దేశాలు చేసుకునే ఒప్పందాల్లో, ఈ మాట చాలావరకు ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన నమూనా ఒప్పందం 4వ ఆర్టికల్ నుంచి వచ్చింది. రెండు దేశాలూ నువ్వు మా రెసిడెంటే అన్నప్పుడు ముందు పర్మనెంట్ హోమ్ ఎక్కడ అందుబాటులో ఉందో చూస్తారు, రెండు చోట్లా ఉంటే కుటుంబం, సంపాదన ఎటువైపు ఎక్కువ ముడిపడి ఉన్నాయో చూస్తారు, అదీ తేలకపోతే అలవాటుగా ఎక్కడ ఉంటారు, తర్వాత పౌరసత్వం, చివరికి రెండు ప్రభుత్వాల అధికారులు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. ఇక్కడ కీలకం అందుబాటు అన్న మాట. అద్దెకి తీసుకున్న ఒక్క గదైనా సరే, ఎప్పుడంటే అప్పుడు వెళ్ళి తలుపు తీసుకునేలా ఉంచుకుంటే అది పర్మనెంట్ హోమే. సొంత బంగళా అయినా బయటివాళ్ళకి పూర్తిగా అద్దెకిచ్చేసి మీరు అడుగు పెట్టలేకపోతే అది కాదు, ఆ నమూనాకి రాసిన 2017 వివరణ (కామెంటరీ)లో ఇది ఇంకా స్పష్టం చేశారు.

అపోహ: "పీఆర్ (పర్మనెంట్ రెసిడెంట్) కార్డు వచ్చింది, డొమిసైల్ వచ్చినట్టే."

కాదు. అది అక్కడ ఉండటానికి పర్మిషన్. ఉండిపోవాలన్న ఉద్దేశానికి ఒక సాక్ష్యంగా పనికొస్తుందంతే. పాస్‌పోర్టు కూడా అంతే.

అపోహ: "పాత చోటు పూర్తిగా వదిలేశా, ఇక దానితో సంబంధం లేదు."

బెల్ వర్సెస్ కెన్నడీ అనే పాత బ్రిటిష్ కేసు చూడండి. జమైకాలో పుట్టినాయన 1837లో ఇక తిరిగి రానని ఓడెక్కాడు, స్కాట్లాండ్‌లో భార్య తరఫు వాళ్ళింట్లో దిగాడు, స్థిరపడటానికి ఎస్టేట్ వెతుకుతున్నాడు కానీ ఎక్కడ అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ మధ్యలో 1838లో భార్య చనిపోయింది. ఆ రోజుకి ఆయన డొమిసైల్ జమైకాయే అని 1868లో తేల్చారు. వదిలేస్తే చాలదు, ఇంకోటి గట్టిగా పట్టుకోవాలి. మధ్యలో తెచ్చుకున్న డొమిసైల్‌ని వదిలేస్తే పుట్టుకది మళ్ళీ వచ్చి కూర్చుంటుందని ఆ మరుసటేడు ఉడ్నీ కేసులో చెప్పారు, 1925 నాటి భారత వారసత్వ చట్టం మాత్రం అలా అనదు, పాతచోటికి మళ్ళీ చేరేదాకా లేదా వేరేది తెచ్చుకునేదాకా మధ్యలోదే నడుస్తుంది. అందుకే ఏ దేశం చట్టమో చెప్పకుండా నా డొమిసైల్ ఏంటండీ అని మెసేజ్ పెడితే నేను జవాబివ్వను, పొగరనుకోకండి.

ఇంకోటి, యూకేలో డొమిసైల్ తీసేశారట కదా అంటున్నారు. 2025 ఏప్రిల్ 6 నుంచి టాక్స్ లెక్కల్లో దాని బదులు రెసిడెన్స్ పెట్టారు, నిజమే. విడాకులు, వారసత్వం లాంటి వాటిల్లో అది అలాగే ఉంది.

అపోహ: "అఫిడవిట్ రాసిచ్చేస్తే అయిపోయె."

మీరు రాసిందానికంటే మీరు చేసిందే చూస్తారు. న్యూయార్క్ స్టేట్ టాక్స్ ఆడిట్‌లో ఇల్లు, వ్యాపారం, ఎక్కడ ఎన్ని రోజులు, కుటుంబం, వీటితో పాటు మనసుకి దగ్గరైన వస్తువులు ఎక్కడ పెట్టుకున్నారు అని కూడా లెక్కేస్తారు. నవ్వకండి, నిజంగానే. మొన్న ఒక క్లయింట్ మూడు పేజీల అఫిడవిట్ తెచ్చారు, పూర్తిగా షిఫ్ట్ అయిపోయానని. అమ్మగారి ఫోటో ఏ ఇంట్లో ఉందండీ అని అడిగా. కాసేపు ఆగి పాతింట్లోనే అన్నారు, పెళ్ళి ఆల్బమ్ కూడా, కుక్క కూడా. అఫిడవిట్ మడిచి ఆయన చేతికే ఇచ్చి, రెండిళ్ళ కరెంటు బిల్లులూ తీసుకుని రమ్మన్నా.